ఇంటి కంప్యూటర్ భద్రత, నెట్ వాడకంలో తేడా: బెంగళూరు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో కంప్యూటర్లు, వైఫై చూసిపెట్టేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలివి. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే ఇంట్లో కూడా రూటర్ పాస్‌వర్డ్ ఏమిటంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆఫీసు మెషీన్‌ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక టీమ్ ఉంటుంది. ఇంటి మెషీన్‌ని చూసుకోవాల్సింది మనమే.

నెల సగం కాకముందే 3300 జీబీ అయిపోయిందని మెసేజ్ వచ్చింది. కంప్యూటర్‌లో వైరస్ చేరిందా?

చాలావరకు కాదు. ముందు లెక్క వేయండి. 3300 జీబీని 30 రోజులకు పంచితే రోజుకు 110. పదిహేను రోజుల్లోనే అయిపోయిందంటే రోజుకు 220 పోయినట్టు. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా పడుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. ఇంట్లో రెండు టీవీలు రోజూ ఐదేసి గంటలు 4కేలో నడిచినా 70 జీబీ దాటదు. మిగతా 150 ఎటు పోతోందన్నది తేల్చాలి.

నేను చూసిన ఇళ్లలో ఎక్కువసార్లు దొరికేది కెమెరా. గుమ్మం దగ్గర, పార్కింగ్‌లో పెట్టిన కెమెరా రికార్డింగ్‌ని ఆపకుండా క్లౌడ్‌లోకి పంపే సెట్టింగ్‌లో ఉంటుంది. 2 ఎంబీపీఎస్ చొప్పున రాత్రింబవళ్లు పంపితే ఒక్క కెమెరాకే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలైతే 86 దాటుతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మారిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఆ తర్వాత వచ్చేవి పిల్లల గేములు (ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటడం ఇప్పుడు మామూలే), ఎప్పుడో వేసి మరిచిపోయిన టారెంట్. సినిమా దిగాక కూడా టారెంట్ ఆగదు, ఆ ఫైలును ఊరంతటికీ పంచుతూనే ఉంటుంది. మీ ప్లాన్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ కలిపి లెక్కిస్తారేమో షరతుల్లో ఒకసారి చూసుకోండి.

ఇవేవీ కాదని తేలాకే అనుమానం మొదలుపెట్టాలి.

అసలు మామూలు వాడకం అంటే ఎంత?

అందరికీ సరిపడే అంకె లేదు. మీ ఇంటి అంకె మీకు తెలియాలి. ఒక వారం రోజులు నెట్ కంపెనీ యాప్‌లో ఏ రోజుకారోజు ఎంత పోయిందో రాసి పెట్టుకోండి, డౌన్‌లోడ్ వేరు, అప్‌లోడ్ వేరు. సాధారణంగా ఇళ్లలో డౌన్‌లోడే చాలా ఎక్కువ, అప్‌లోడ్ అందులో చిన్న భాగం. ఈ లెక్క తిరగబడితే, అంటే అప్‌లోడ్ పెరిగిపోతూ ఉంటే, అందులోనూ తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య పెరుగుతుంటే, ఆ రోజు కూర్చుని చూడాల్సిందే.

ఒక్క మాట. ఊళ్లో పెళ్లికి వెళ్లి వచ్చిన వారం అప్‌లోడ్ పెరగడం సహజం. ఫోన్లు రాత్రి ఛార్జింగ్‌లో పెట్టగానే ఆ వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతుంటాయి. రెండు మూడు రాత్రుల్లో ఆగిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఏ వస్తువు నెట్ లాగుతోందో ఎలా పట్టుకోవాలి?

రూటర్ కింద అంటించిన స్టిక్కర్ చూడండి. దాని మీద 192.168.1.1 అనో 192.168.0.1 అనో అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఇంటి వైఫైలో ఉండి బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే రూటర్ పేజీ తెరుచుకుంటుంది. స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తుంటే వచ్చిన పని కన్నా ముందు దాన్ని మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని అలాగే వదిలేస్తారు.

లోపల కనెక్టెడ్ డివైసెస్ అనో క్లయింట్ లిస్ట్ అనో ఒక జాబితా ఉంటుంది. ఫ్లాట్‌లో నలుగురే ఉన్నా అందులో ఇరవై కనిపిస్తాయి, చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఒక్కొక్కటే చూడండి. ‘ఈఎస్‌పీ’ అని మొదలై వెనక కొన్ని అక్షరాలు, అంకెలు ఉన్నవి సాధారణంగా స్మార్ట్ బల్బులు, స్మార్ట్ ప్లగ్గులు. వాటిలో ఉండే వైఫై చిప్ పేరే అలా కనిపిస్తుంది. పేరే లేకుండా వట్టి మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటే దాని రెండో అక్షరం చూడండి. అది 2, 6, ఏ, ఈలలో ఏదైనా అయితే ఆ అడ్రస్ యాదృచ్ఛికంగా తయారైనది, బహుశా అది మీ ఫోనే. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు అడ్రస్ చెప్పకుండా మారు అడ్రస్ చెబుతున్నాయి. అయినా తేలకపోతే ఒక్కో వస్తువు వైఫై ఆపి జాబితా రిఫ్రెష్ చేస్తూ పోండి. ఏది ఆపితే ఏ పేరు మాయమైందో రాసుకోండి. మీరు జాబితా చూస్తున్న వస్తువు తప్ప అన్నీ ఆపాక కూడా ఇంకొకటి మిగిలితే అది మీ ఇంట్లోది కాదు. వెంటనే వైఫై పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం) ఆపేయండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 మీద ఉంచండి.

ఏ వస్తువు ఎంత వాడిందో అన్ని రూటర్లూ చూపించవు. కానీ మొత్తం మీద ఎంత పంపింది, ఎంత తీసుకుంది అనే లెక్క వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) స్టాటిస్టిక్స్ పేజీలో దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. పడుకునే ముందు ఆ రెండు అంకెలూ ఫొటో తీసి, పొద్దున మళ్లీ చూడండి. ఆ రాత్రి ఒక్క కంప్యూటరే నెట్‌లో ఉంచితే దాని లెక్క తేలిపోతుంది, మర్నాడు కెమెరాలొక్కటే. మధ్యలో కరెంటు పోతే ఈ అంకెలు సున్నా అయిపోతాయి. మన ఏరియాల్లో అది తప్పదు కాబట్టి రూటర్‌కి చిన్న యూపీఎస్ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష సులువు.

తప్పు కంప్యూటర్‌దే అని తేలింది. లోపల ఏ ప్రోగ్రామో ఎలా చూడాలి?

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, డేటా యూసేజ్. గడిచిన 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో అక్కడ వరసగా ఉంటుంది. ఇప్పుడు ఈ నిమిషంలో ఏం జరుగుతోందో కావాలంటే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. అందులో సెండ్ అన్న కాలమ్ మీద నొక్కితే ఎక్కువ పంపేది పైకి వస్తుంది. మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్.

ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరు పైన కనిపించగానే భయపడి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. అది విండోస్‌లోని భాగమే, అప్‌డేట్లు దానిలోంచే దిగుతాయి. టాస్క్ మేనేజర్‌లో దాని మీద కుడి బటన్ నొక్కి ఫైల్ లొకేషన్ చూస్తే విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉండాలి. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటే దొంగ దొరికినట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు దించుకున్న విండోస్ అప్‌డేట్‌ని మీ కంప్యూటర్ నెట్‌లోని ముక్కూమొహం తెలియని కంప్యూటర్లకు కూడా పంచగలదు. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్‌లోకి వెళ్లి అది ఇంటి నెట్‌వర్క్ వరకే ఉండేలా పెట్టుకోండి, లేదా పూర్తిగా ఆపేయండి.

వాడకం ఏమీ పెరగలేదు. అంటే మా కంప్యూటర్ క్షేమమేనా?

కాదు. దయచేసి ఈ జవాబు మాత్రం జాగ్రత్తగా చదవండి. మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలు.

ఇవాళ ఇంటి కంప్యూటర్లకు ఎక్కువ నష్టం చేసేవి సమాచారం దొంగిలించే మాల్‌వేర్లు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తోనో గేమ్ చీట్‌తోనో లోపలికొస్తాయి. బ్రౌజర్‌లో మీరు సేవ్ చేసిన పాస్‌వర్డ్లు, లాగిన్ అయి ఉన్న సైట్ల కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపట్టే చిన్న ఫైళ్లు) మూటగట్టి పంపేస్తాయి. ఆ మూట బరువు కొన్ని ఎంబీలు. ఒక వాట్సాప్ వీడియో అంత కూడా ఉండకపోవచ్చు. ఏ మీటర్‌కీ అది అందదు. పైగా కుకీ చేతికొస్తే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే మీ అకౌంట్‌లోకి దూరిపోవచ్చు.

కాబట్టి వేరే చోట చూడాలి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద ‘యువర్ డివైసెస్’ తెరవండి. మీది కాని కంప్యూటర్, మీరు వెళ్లని ఊరు ఉన్నాయేమో చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీకొచ్చే బ్యాంకు మెయిళ్లను ఎవరికో పంపి ఇక్కడ డిలీట్ చేసే ఫిల్టర్ పెట్టి వెళ్లడం దొంగలకు అలవాటు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో ఎందుకు వేశారో గుర్తులేనివి తీసేయండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందా, ఎక్స్‌క్లూజన్లలో (స్కాన్ చేయకుండా వదిలేసే జాబితా) మీరు పెట్టని ఫోల్డర్ ఏదైనా ఉందా చూడండి. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌లో మీ ఈమెయిల్ కొడితే అది ఏయే లీకుల్లో బయటపడిందో ఉచితంగా చెబుతుంది. అందులో కనిపించిన సైట్ పాస్‌వర్డ్‌నే ఇంకెక్కడైనా వాడుతుంటే అన్నిచోట్లా మార్చండి.

నెలకొక ఆదివారం అరగంట చాలు దీనికి.

ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాం. విండోస్ వేసే ఇచ్చారు. అలాగే వాడొచ్చా?

ఏ షాపునీ అనడం కాదు గానీ, ఎవరో వేసిన విండోస్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి. ‘యాక్టివేటర్’ అని ఒకటి వేసి విండోస్‌ని ఒరిజినల్‌లా చూపించడం మామూలైపోయింది. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపమంటుంది. ఆపాక దాని వెనకాల ఏం దూరిందో ఎవరికీ తెలియదు.

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, నమ్మకమైన ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ దించి, డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా వేయండి. బ్రాండెడ్ లాప్‌టాప్ మొదట విండోస్ 10 లేదా 11తోనే అమ్ముడుపోయి ఉంటే దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, నెట్‌కి కలపగానే చాలాసార్లు తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. మీరు పైసా కట్టనక్కర్లేదు.

విండోస్ 10 అయితే ఇంకో చిక్కుంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ఇంటి వాడకందారులు ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో చేరితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ 11కి సరిపోని పాత మెషీన్ అయితే, బ్రౌజింగ్‌కీ పిల్లల చదువుకీ విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ హాయిగా సరిపోతుంది.

యాంటీవైరస్ కొనాలా?

అప్‌డేట్లు సరిగ్గా పడుతుంటే విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. కొన్నా ఒకటే ఉంచండి. రెండు వేస్తే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

పీజీలో ఉంటున్నాను. వైఫై పాస్‌వర్డ్ గోడ మీదే అంటించారు. నా లాప్‌టాప్‌లోకి ఎవరైనా రాగలరా?

వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ రకం ‘పబ్లిక్’ అని పెట్టండి, ఫైల్ షేరింగ్ ఆపండి. పక్క రూముల వాళ్లకు మీ మెషీన్ కనిపించడం చాలావరకు ఆగుతుంది. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ (https) ఉన్న సైట్లలో మీరు కొట్టేది వాళ్లు చదవలేరు, ఏ సైట్‌కి వెళ్లారన్నది మాత్రం రూటర్ చేతిలో ఉన్నవాళ్లకు తెలియవచ్చు. బ్యాంకు సైట్‌లో సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ‘పర్వాలేదు, ముందుకు’ అని ఎప్పుడూ నొక్కకండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి మళ్లీ చూడండి. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా అని ఓనర్ని అడగడంలో తప్పేమీ లేదు, కాస్త మర్యాదగా అడగండి.

పై ఇంటివాళ్లు అడిగితే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాం. ఏమైనా ఇబ్బందా?

మంచితనంతో ఇచ్చారు, కాదనను. కానీ మీ కనెక్షన్ నుంచి ఏం వెళ్లినా పోలీసులకు మొదట కనిపించేది మీ ఐపీ అడ్రస్సే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆ వైఫైకి సరైన రక్షణ లేదు, ఎవరో వాడుకున్నారు. ఆయన పడ్డ విచారణ మాత్రం చిన్నది కాదు.

పాస్‌వర్డ్ మార్చి, వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో వేరే పేరు, పాస్‌వర్డ్‌తో పెట్టే రెండో వైఫై) ఇవ్వండి. కెమెరాలు, టీవీ, బల్బులు కూడా ఆ గెస్ట్‌లోనే పెట్టండి. వాటిలో ఒకటి చెడినా చాలావరకు మీ కంప్యూటర్ దాకా రాదు.

చౌకగా కొన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్స్, మా అబ్బాయి వేసుకున్న ఉచిత వీపీఎన్: వీటితో ప్రమాదమా?

ప్రమాదమే, అదీ అప్‌లోడ్ మీటర్‌లో పట్టుబడే రకం. వీటిలో కొన్ని మీ ఇంటి కనెక్షన్‌ని బయటివాళ్లకు అద్దెకిచ్చేస్తాయి. ఎక్కడో కూర్చున్న మోసగాడు మీ ఐపీ వెనక దాక్కుని పని కానిచ్చుకుంటాడు. 2024 మే నెలలో అమెరికా అధికారులు మూయించిన 911 ఎస్5 అనే నెట్‌వర్క్‌లో 1.9 కోట్ల ఐపీ అడ్రస్సులు ఉన్నాయి. అందులో చిక్కుకున్నవాళ్లు చేసింది మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌లు వేసుకోవడమే. బ్యాడ్‌బాక్స్ 2.0 సంగతి ఇంకా ఘోరం. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నింటికి మాల్‌వేర్ కొనకముందే ఎక్కేసి ఉంటుంది. కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయంటూ గూగుల్ 2025 జులైలో కోర్టుకెక్కింది.

కెమెరాలకూ ఈ చరిత్ర ఉంది. 2016లో మిరాయి అనే బాట్‌నెట్ (దొంగల చేతికి చిక్కిన పరికరాల గుంపు) చేసిందల్లా కంపెనీలు పెట్టి పంపిన 60కి పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా కొట్టి చూడటం. అంతమాత్రానికే లక్షల కెమెరాలు, రూటర్లు లొంగిపోయాయి. వాటితో చేసిన దాడి వల్ల ఆ అక్టోబర్ 21న ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో గంటల తరబడి నిలిచిపోయాయి.

బాక్స్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్, అబౌట్ దగ్గర ‘ప్లే ప్రొటెక్ట్’ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. లేకపోతే ప్లగ్ పీకేయండి. పోయిన రెండు వేల గురించి బాధపడకండి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కింద 2017 నుంచి నడుస్తున్న సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో బాట్ తొలగించే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

స్క్రీన్ నిండా ఎర్రగా ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు కాల్ చేయండి’ అని వచ్చి అలారం మోగుతోంది. ఏం చేయాలి?

కాల్ చేయకండి. అది వట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి, పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ మూసేయండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. కాల్ చేస్తే అవతలివాడు చేయించే మొదటి పని మీ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ లాంటిది వేయించడం. దీని గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇప్పటికే వేసి ఉంటే నెట్ పీకేసి, కింద చివర్లో చెప్పినట్టు చేయండి.

అమ్మానాన్నలు అనంతపురంలో ఉంటారు. వాళ్ల కంప్యూటర్, ఫోన్ ఇక్కడి నుంచి ఎలా చూసుకోవాలి?

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పూట దీనికి పెట్టండి. వాళ్లు రోజూ వాడే అకౌంట్‌ని స్టాండర్డ్ అకౌంట్‌గా మార్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. దాంతో చాలా ప్రోగ్రాములు మీకు ఫోన్ చేయకుండా ఇన్‌స్టాల్ కావు. బ్రౌజర్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి, పెద్దవాళ్ల స్క్రీన్ మీద వచ్చే ‘వైరస్’ హెచ్చరికల్లో చాలా భాగం అవే. ఫోన్‌లో, బయటి యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కి లేకుండా తీసేయండి. పెళ్లి శుభలేఖ, ఆర్టీఓ చలానా అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లు ఆ దారినే లోపలికొస్తాయి.

సెట్టింగుల కన్నా ముఖ్యమైనది వాళ్లతో మాట్లాడటం. ‘నాన్నా, కంప్యూటర్ గురించో, కేసు గురించో ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి నాకు చెయ్యి. అర్ధరాత్రయినా సరే, నేను విసుక్కోను’ అని చెప్పండి. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదని విడమరిచి చెప్పండి. మనం విసుక్కుంటామనే భయంతోనే పెద్దవాళ్లు చాలామంది చెప్పకుండా దాచేస్తారు.

ఆఫీసు లాప్‌టాప్‌లో తేడాగా ఉంటే?

మీరేమీ ముట్టుకోవద్దు. ఐటీ టీమ్‌కి ఆ క్షణమే చెప్పండి. పిల్లలకు అది ఇవ్వకండి.

పిల్లలు నెట్‌లో ఏం చూస్తున్నారో గమనించొచ్చా?

చిన్నపిల్లలైతే గూగుల్ ఫ్యామిలీ లింక్, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉన్నాయి. ఇంటి మొత్తానికి కావాలంటే రూటర్‌లో డీఎన్ఎస్‌ని (సైట్ పేరు బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే సేవ) 1.1.1.3గా మారిస్తే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత ఫిల్టర్ మాల్‌వేర్ సైట్లనూ అశ్లీల సైట్లనూ అడ్డుకుంటుంది. పెట్టినట్టు పిల్లలకు చెప్పే పెట్టండి. దొంగచాటుగా పెట్టిన నిఘా బయటపడిన రోజు, తప్పుడు లింక్ నొక్కినా మీ దగ్గరకొచ్చి చెప్పే ధైర్యం వాళ్లకు పోతుంది.

నిజంగానే ఎవరో చొరబడ్డారు, లేదా డబ్బు పోయింది. మొదటి గంటలో ఏం చేయాలి?

డబ్బు పోతే అన్నిటికన్నా ముందు జాతీయ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. పోయిన డబ్బు మోసగాడి అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దాటేలోపు ఆపగలిగితేనే దక్కే ఆశ ఉంటుంది. వెంటనే బ్యాంకుకీ చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి.

తర్వాత ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. పాస్‌వర్డ్లు ఆ మెషీన్‌లో మార్చకండి, కొత్తవీ వెళ్లిపోతాయి. వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతావన్నీ రీసెట్ అయ్యేది దానితోనే. ఆ వెంటనే అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి, లేకపోతే దొంగిలించిన కుకీ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆపైన బ్యాంకు, వాట్సాప్, మిగతావి. స్క్రీన్‌షాట్లు తీసుకోకుండా ఏదీ డిలీట్ చేయకండి. అన్నీ అయ్యాక ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం పక్కకు తీసి విండోస్ కొత్తగా వేయండి. స్కాన్ చేసి శుభ్రమైందనుకుని వదిలేయడం నాకు నచ్చదు.

కన్నడ సరిగ్గా రాదు. ఫిర్యాదు ఎక్కడ, ఎలా ఇవ్వాలి?

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో (సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్) ఇంగ్లిష్‌లో ఇవ్వొచ్చు. 1930కి చేసినప్పుడు ఇచ్చిన నంబరు దగ్గర పెట్టుకోండి. బెంగళూరులో ఇలాంటి కేసులు చూసే సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) పోలీస్ స్టేషన్లు డివిజన్ల వారీగా ఉన్నాయి, మీ లోకల్ స్టేషన్‌లో అడిగితే మీది ఏదో చెబుతారు. ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యేవాళ్లకు కొదవ లేదు, మొహమాటపడకండి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఒక్కో లావాదేవీ యూటీఆర్ నంబరు, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, ఆధార్ కాపీ తీసుకెళ్లండి. డబ్బు పోయింది ఊళ్లో అమ్మానాన్నలదైతే వాళ్లు బెంగళూరు దాకా రానక్కర్లేదు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపితే ఆ సెక్షన్ నంబరు చెప్పమనండి.